టైటానియం మౌత్‌పీస్ పేరుతో ఇత్తడి అమ్ముతున్నారు, ట్రంపెట్ వాళ్లు చూసుకోండి

బంగారు రంగులో ధగధగలాడే ట్రంపెట్ మౌత్‌పీస్ (పెదవికి ఆనించి ఊదే ముక్క) ఒకటి ఆన్‌లైన్‌లో తిరుగుతోంది. "ప్యూర్ టైటానియం, 3సి సైజు, టోన్ మొత్తం మారిపోతుంది" అని రాస్తున్నారు. ధర మూడు వేల పైమాటే. పెళ్లిళ్ల సీజన్ ముందు తెప్పించాను. టోన్ మారిన మాట నిజమే, పాడైంది. పై స్వరాలకు వెళ్తే గాలి ముందుకు పోదు, శబ్దం మూసుకుపోయినట్టు వస్తుంది.

అసలు అది టైటానియమే కాదు. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు, టైటానియానిది 4.5. ఒకే సైజులో చేస్తే టైటానియంది ఇంచుమించు సగం బరువే ఉండాలి. తెలిసిన బంగారం షాపులో కాటా మీద పెట్టిస్తే నా పాత ఇత్తడిదీ ఇదీ దగ్గర దగ్గరగా తూగాయి. ఆకారంలో తేడా ఉందేమోనని కొలజాడీలో నీళ్లు పోసి ముంచి కూడా చూశాను, లెక్క ఇత్తడి దగ్గరే తేలింది. అమ్మినవాణ్ని నిలదీస్తే "టైటానియం ఫినిష్ సార్" అన్నాడు. అంటే పైన టైటానియం నైట్రైడ్ పూత. వాచీల చైన్లకు బంగారు రంగు కోసం వేస్తారే, అది. అయస్కాంతం పెట్టి చూడమంటారు కొందరు. ఇక్కడ దానివల్ల లాభం లేదు, ఇత్తడికీ అంటదు, టైటానియానికీ అంటదు.

నిజం టైటానియమే వచ్చినా టోన్ మొత్తం మారుతుందంటే నేను నమ్మను. మోగేది లోపలి గాలి. ఆ గాలి ఎలా కదలాలో తేల్చేది కప్పు లోతు, అంచు, కప్పు అడుగున ఉండే సన్నటి గొంతు రంధ్రం, దాని వెనక గొట్టం వెడల్పయ్యే తీరు. లోహం మారితే, ముఖ్యంగా బరువు మారితే, వాయించేవాడి పెదవికీ పంటికీ తేడా తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని వినేవాడికి ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం.

నాకు వచ్చినదాంట్లో పెద్ద జబ్బు గొంతులోనే ఉంది. బాక్ కంపెనీ మామూలు ట్రంపెట్ మౌత్‌పీస్‌లకు గొంతు 27 నంబరు డ్రిల్ సైజు, అంటే సుమారు 3.66 మిల్లీమీటర్లు. దీంట్లో 3.5 మి.మీ. డ్రిల్ బిట్ నున్నటి చివర కూడా దూరలేదు. పైగా రంధ్రం మధ్యలో లేదు, వెలుగుకు పట్టి చూస్తే పక్కకి జరిగినట్టు కంటికే తెలుస్తోంది. షాంక్, అంటే ట్రంపెట్‌లోకి దూర్చే తోక భాగం, కూడా సరైన వాలు లేక ట్రంపెట్‌లో గట్టిగా కూర్చోదు, ఊగుతుంది.

రిటర్న్ పెడితే "నోటికి పెట్టుకున్న వస్తువు, శుభ్రత కారణాల వల్ల వెనక్కి తీసుకోం" అన్నారు. అందుకే ఎవరైనా ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. డ్రిల్ బిట్, వెలుగు, షాంక్ కూర్చునే తీరు, ఈ మూడూ పెదవికి ఆనించకుండానే చూడొచ్చు.

నికెల్ పడక పెదాలు దద్దుర్లెక్కేవాళ్లకు లోహం సంగతి నిజంగానే ముఖ్యం. వాళ్లు వెండి లేదా బంగారు పూత ఉన్నది, లేదంటే ప్లాస్టిక్‌ది తీసుకోవచ్చు. చలిలో ఊరేగింపులకు ప్లాస్టిక్ హాయి కూడా, పెదవికి చల్లగా తగలదు. పూత అరిగి ఇత్తడి బయటపడినదాన్ని మాత్రం వాడకండి. లేత్ మీద తేలిగ్గా తెగడానికి చాలా రకాల ఇత్తడిలో కొంచెం సీసం కలుపుతారు.

ఇదే రంగు, ఇదే ఫొటోతో ఇప్పుడు ట్రాంబోన్‌కి కూడా పెట్టారు. అందులో చిన్న షాంకో పెద్ద షాంకో ఎక్కడా రాయలేదు.