నేరం ఒకటే, నవలలు రెండు: పిల్లలకు ఏది కొనాలి?

అనుకోకుండా ఒక ప్రాణం పోయింది. కారణం పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. చూసినవాళ్లు లేరు. చెప్పేయాలా, దాచేయాలా? టీనేజ్ పాఠకుల కోసం వచ్చిన అమెరికన్ నవలల్లో ఈ చిక్కుముడి మీదే నడిచేవి రెండున్నాయి. లోయిస్ డంకన్ 1973లో రాసిన ‘ఐ నో వాట్ యు డిడ్ లాస్ట్ సమ్మర్’ ఒకటి, బ్లేక్ నెల్సన్ 2006లో రాసిన ‘పారనాయిడ్ పార్క్’ ఇంకొకటి. ఇంటర్ చదివే పిల్లలకు ఒక్కటే కొనివ్వాలంటే ఏది?

పేజీ తిప్పించడంలో డంకన్‌దే పైచేయి. జూలీ పొద్దున్నే టిఫినుకు వచ్చేసరికి ఆమె పేరిట ఉత్తరాలు వచ్చి ఉంటాయి. ఒకటి స్మిత్ కాలేజీలో సీటొచ్చిందని. ఇంకోదాంట్లో ఒకే ఒక్క వాక్యం, నవల పేరు అదే. ఏడాది కిందట జూలీ, రేతో సహా నలుగురు స్నేహితులు కారులో వస్తూ, రాత్రిపూట సైకిల్ మీద వెళ్తున్న ఒక పిల్లాడిని గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయారు. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. అయితే రే ఫోన్ బూత్ దగ్గర ఆగి, పేరు చెప్పకుండా సాయం పంపమంటాడు. ఆ పిల్లాడి అంత్యక్రియలకు జూలీ పసుపు గులాబీలు పంపుతుంది. ఒప్పుకునే ధైర్యం లేదు, ఊరుకునే మనసూ లేదు. ఆ వయసులో తప్పు చేసిన భయాన్ని డంకన్ ఈ రెండు పనుల్లోనే పట్టేసింది. తర్వాత జూలీ, రే ఇద్దరూ ఏదో వంక పెట్టి ఆ పిల్లాడి ఇంటికే వెళ్లి అతని అక్కతో మాట్లాడతారు. నవల మొత్తంలో నాకు గుండె పట్టేసిన చోటు అదే.

లోపం కూడా ఉంది. ఉత్తరం రాసిందెవరన్న ప్రశ్న మొదలయ్యాక, మనం చేసిందేమిటన్న ప్రశ్న వెనక్కి పోతుంది. దాచినవాళ్లే బాధితులైపోతారు, పాపం అనిపిస్తారు. 1997లో వచ్చిన సినిమా అయితే సైకిల్ పిల్లాడినే తీసేసి, కొక్కెం పట్టుకుని చంపుతూ తిరిగే మనిషిని పెట్టింది. డంకన్ సొంత కూతురు 1989లో హత్యకు గురైంది. ఆ సినిమా ఆమెకు ఎందుకు నచ్చలేదో వేరే చెప్పక్కర్లేదు. సినిమా చూసి పుస్తకం మీద ఓ అభిప్రాయానికి వచ్చేయకండి.

‘పారనాయిడ్ పార్క్’లో ఉత్తరం పంపి బెదిరించేవాడు లేడు. కథ చెప్పే కుర్రాడికి పేరు కూడా ఉండదు. పోర్ట్‌లాండ్‌లో స్కేట్‌బోర్డ్ ఆడుకునే పిల్లాడు. ఒక రాత్రి కదులుతున్న గూడ్స్ రైలు పట్టుకుని వేలాడుతుంటే సెక్యూరిటీ గార్డు లాగుతాడు. వీడు స్కేట్‌బోర్డుతో కొడతాడు. గార్డు పట్టాల మీద పడి చనిపోతాడు. ఇంట్లో అమ్మానాన్నలు విడిపోతున్నారు, స్కూలుకేమో డిటెక్టివ్ వచ్చి స్కేటర్లందరినీ ప్రశ్నిస్తుంటాడు. వీడు పైకి మామూలుగా తిరుగుతూ లోపల మాత్రం ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అని నలిగిపోతుంటాడు. చెబుదామని అనుకోవడం, అంతలోనే మానేయడానికి ఒక సాకు దొరకడం. ఆ సాకులన్నీ మనకు తెలిసినవే కాబట్టే చదువుతుంటే ఇబ్బందిగా ఉంటుంది. వాడు ఇదంతా ఉత్తరంలా రాసుకుంటున్నాడు గనుక, వాడి రహస్యం మోసే పని మనమీద పడుతుంది.

ఏం జరుగుతుందా అని ఎదురుచూసేవాళ్లకు ఇది నచ్చదు. మధ్యలో చాలా పేజీలు స్కూలు, గర్ల్‌ఫ్రెండ్, స్కేటింగ్‌తోనే గడిచిపోతాయి. గార్డు చావు మాత్రం భయంకరంగా ఉంటుంది, చిన్న పిల్లలకు ఇచ్చే ముందు పెద్దవాళ్లు ఒకసారి చదివితే మంచిది. దర్శకుడు గస్ వాన్ సాంట్ 2007లో తీసిన సినిమా ఈ నవలకు మేలే చేసింది. కాన్స్ చిత్రోత్సవంలో 60వ వార్షికోత్సవ బహుమతి కూడా వచ్చింది.

నా ఓటు నెల్సన్‌కే. ఎవరో వచ్చి పట్టేసుకుంటే ఒప్పుకోవడం వేరు, ఎవరికీ తెలియనప్పుడు ఏం చేస్తామన్నది వేరు. ఆ రెండోదాన్ని పక్కదారి పట్టకుండా పట్టుకున్నది ఈ పుస్తకమే. కాకపోతే ఫోన్ వదలని, పుస్తకం అంటేనే ఆమడ దూరం పరిగెత్తే పిల్లలకు మొదట డంకన్‌దే ఇవ్వండి, ముగింపు దాకా వదలరు. పాత ప్రతి దొరికితే అదే తీసుకోండి. 2010లో సెల్‌ఫోన్లు వగైరా చేర్చి మార్చి వేశారు కానీ, ఫోన్ బూత్ కాలానికి రాసిన కథలో అవి సరిగ్గా ఇమడలేదనిపించింది నాకు.