మాలా, గమ్మా? టైల్స్ పని కొత్తగా నేర్చుకునేవారికి ఏది మేలు

టైల్స్ పనిలోకి కొత్తగా వచ్చినవారు రెండు మాటలు వింటారు. సిమెంటు మాలుతోనే చెయ్యి తిరగాలని పాత మేస్త్రీలు అంటారు. గమ్ము, అంటే టైల్ అడ్హెసివ్, వచ్చాక మాలుతో పనేముందని అపార్ట్‌మెంట్లలో చేసేవారు అంటారు. మా తీర్పు: నేల పని మాలుతో నేర్చుకోండి, గోడ పని మాత్రం మొదటి రోజు నుంచే గమ్ముతో నేర్చుకోండి.

నేలకు మాలు ఎందుకంటే, తప్పు దిద్దుకునే వీలు అందులోనే ఎక్కువ. 40 మి.మీ. మందం ఉంటుంది కనుక శ్లాబు ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. దారం కట్టడం, గది మూలలను మూలమట్టానికి తీయడం, బాత్రూంలో అడుగుకు 3 మి.మీ. వాలు ఇవ్వడం చేతికి వచ్చేదీ ఇక్కడే. మాలులో ఒక వంతు సిమెంటుకు 6 వంతుల ఇసుక. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. 100 చదరపు అడుగులకు సుమారు రెండు బస్తాల సిమెంటు, 15 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. సిమెంటు పాలకు, అంటే నీళ్లలో జారుగా కలిపిన సిమెంటుకు, మరో అర బస్తా పక్కన ఉంచుకోవాలి.

మాలు పరిచి బద్దతో లాగాక టైల్‌ను ముందు ఉత్తినే వేసి రబ్బరు సుత్తితో కొట్టండి. ఎత్తి చూస్తే ఎక్కడ ఆనలేదో మాలు మీదే అచ్చు కనబడుతుంది. అక్కడ నింపి, సిమెంటు పాలు పోసి, అప్పుడు కూర్చోబెట్టండి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ ఎత్తి చూడడమే, తడితే వినబడే డొల్ల మోతలు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. నీళ్లెక్కువైన మాలు ఎండుతూ కుంగి మూలల కింద ఖాళీ వదులుతుంది. అరగంటలో వాడగలిగినంతే కలపండి. బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీళ్లు కొట్టకండి.

గోడ దగ్గర లెక్క వేరు. విట్రిఫైడ్ టైల్, అంటే గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్, నీటిని 0.5 శాతానికి మించి పీల్చదు. సిమెంటు పాలు లోపలికి దిగే దారి లేకపోతే పట్టు దొరకదు. నేల మీద బరువుకు కూర్చుంటుంది, గోడ మీద అదే బరువు కిందికి లాగుతుంది. రెండడుగులు బై నాలుగడుగుల టైల్ ఒక్కోటి 15 కిలోల దాకా తూగుతుంది. వెనకాల అయిదు చోట్ల మాలు ముద్దలు పెట్టి అంటించే పద్ధతి అసలు నేర్చుకోకండి. ముద్దల మధ్య ఖాళీలో నీరు చేరుతుంది, మేకు కొడితే టైల్ పగులుతుంది.

గమ్ము పలుచగా, 3 నుంచి 6 మి.మీ. మాత్రమే ఉంటుంది. అందుకే ప్లాస్టరింగ్ చక్కగా ఉండాలి: రెండు మీటర్ల బద్ద ఆనిస్తే 3 మి.మీ. కన్నా ఎక్కువ సందు కనబడకూడదు. 20 కిలోల బస్తా 3 మి.మీ. మందాన సుమారు 50 చదరపు అడుగులకు వస్తుంది. నీళ్లు బస్తా మీద రాసినన్నే పోసి కలిపి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ కలపాలి. దానిలో సిమెంటు కలిపి పొదుపు చేయడం కొన్ని చోట్ల కనబడుతుంది. పట్టునిచ్చే పాలిమర్ పలుచబడుతుంది, అది పొదుపు కాదు.

టైల్ వెనక ఉండే తెల్లని పొడిని తడి స్పాంజితో తుడవాలి. పళ్ల తాపీతో చారలన్నీ ఒకే దిక్కుకు లాగాలి, గజిబిజిగా లాగితే గాలి లోపలే చిక్కుకుంటుంది. రెండడుగుల టైల్‌కు 10 మి.మీ. పళ్లు, ఇంకా పెద్దదైతే టైల్ వెనక కూడా పలుచగా పూత. రాసిన గమ్ము మీద వేలు పెడితే అంటాలి. అంటకపోతే పొర కట్టినట్టే, గీకి తీసేసి కొత్తది రాయాలి. ఎండాకాలం మన దగ్గర ఇది చాలా తొందరగా జరుగుతుంది, ఒకటి రెండు టైల్స్‌కు సరిపడానే రాసుకోండి.

ఖర్చు చూస్తే గమ్ము ఎక్కువే. అయితే 100 చదరపు అడుగులకు మాలు ఏడు క్వింటాళ్లు మోయాలి, గమ్ము రెండు బస్తాలు.

రెండింటికీ సాధన ఒకటే. నాలుగడుగుల చదరంలో పగిలిన టైల్స్‌తో, 2 మి.మీ. స్పేసర్లు (సందు కోసం టైల్స్ మధ్య పెట్టే ముక్కలు) పెట్టి వేయండి. సందు లేకుండా చేరిస్తే వేడికి ఉబ్బి పైకి లేస్తాయి. కోసేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. గమ్ముతో వేసిన వెంటనే ఒక టైల్ ఊడదీసి వెనక చూడండి: పొడి గదిలో 80 శాతం, బాత్రూంలో 95 శాతం గమ్ము అంటి ఉండాలి. అంత రాకపోతే తాపీ పళ్ల సైజు పెంచి మళ్లీ వేయండి.