కళింగపట్నం దారిలో చేపల భోజనం: రేటు రాయని చోట తినకండి

శ్రీకాకుళం వైపు వెళ్ళేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. మెనూలో చేపల వరస ఎదురుగా రేటు లేకుండా 'సైజుని బట్టి' అని రాసి ఉంటే, కుర్చీలో కూర్చుని ఉన్నా సరే లేచి వచ్చేయండి. మొన్న మే నెలలో మా ఐదుగురికి ఒక్క మధ్యాహ్న భోజనానికి 5,290 రూపాయల బిల్లు వేశారు. మర్నాడు అదే జిల్లాలో అదే ఐదుగురం అంతకంటే ఎంతో బాగా తిన్నాం, 620 రూపాయలకి.

వెళ్ళింది నేను, నా భార్య, అమ్మ, బావ, మేనకోడలు. అక్కకి సెలవు దొరకలేదు. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, శ్రీకాకుళం ఊళ్ళో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర లాడ్జిలో రెండు ఏసీ గదులు తీసుకున్నాం, ఒక్కోటి 1,600. శుభ్రంగా ఉన్నాయి, పొద్దున్నే వేడినీళ్ళు వచ్చాయి, అంతకంటే చెప్పడానికేం లేదు. రోజంతటికీ కారు 3,200కి మాట్లాడుకున్నాం. అరసవల్లి దర్శనం తొందరగానే అయింది. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ళ దగ్గర నుంచి మేనకోడలిని కదిలించడానికే అరగంట పట్టింది. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు చూసి దిగేసరికి ఒంటిగంటన్నర. కొండ మీద నీడ లేదు, తినడానికేమీ దొరకదు, నీళ్ళు మాత్రం కిందనుంచే పట్టుకెళ్ళండి. అందరం ఆకలితో నకనకలాడిపోతున్నాం, సరిగ్గా అప్పుడే డ్రైవరు, "సముద్రం దగ్గర మంచి చేపల భోజనం సార్, అందరూ అక్కడే తింటారు" అన్నాడు.

తాటాకు గుడిసెలు, బయట నాలుగైదు బయటి ఊళ్ళ కార్లు, లోపల లామినేషన్ చేసిన మెనూ. పప్పుకీ పెరుగుకీ రేట్లున్నాయి. చేపలకీ రొయ్యలకీ లేవు. అడిగితే సర్వరు "పొద్దున్న వల్లో పడిన చందువ సార్, ఫ్రెష్షు" అన్నాడు గానీ రేటు మాత్రం "వంటాయన్ని అడిగి చెప్తాను" అని వెళ్ళి, ఇక ప్లేట్లతోనే తిరిగొచ్చాడు.

అమ్మ పుట్టిల్లు భీమిలి. ఒక్క ముక్క విరిచి చూసి, "ఇది పొద్దున్న చేప కాదురా, ఐసులో ఎన్నాళ్ళుందో, కండ పిండిలా రాలిపోతోంది" అని ప్లేటు పక్కకి నెట్టేసింది. పొద్దున్నే పడిన చందువ అనగానే ఎవరికైనా అనుమానం రావాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్లకీ మోటారు పడవలకీ వేట నిషేధం. తెడ్డు వేసుకుని వెళ్ళే సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంది, నిజమే, కానీ అవి తెచ్చే కొద్దిపాటి చేపలతో ఇన్ని టేబుళ్ళకి ఇంతంత చందువలు ఎలా వస్తాయి?

బిల్లు ఇలా ఉంది. భోజనాలు నాలుగు, 260 చొప్పున 1,040. పిల్లకి పెరుగన్నం 140. చందువ వేపుడు రెండు ప్లేట్లు, 1,350 చొప్పున 2,700. రొయ్యల ఇగురు 580. నీళ్ళ సీసాలు మూడు, 120. మొత్తం 4,580. దాని మీద సర్వీస్ ఛార్జి పది శాతం 458, ఆ రెంటి మీద జీఎస్టీ ఐదు శాతం. ఇదంతా ఒక తెల్లకాయితం మీద పెన్నుతో రాసిచ్చారు, పైన హోటల్ పేరు కూడా లేదు.

బావ మామూలుగా నోరెత్తని మనిషి, ఆ రోజు మాత్రం కౌంటర్ దగ్గరే నిలబడిపోయాడు. "జీఎస్టీ నంబరేదండీ?" అని అడిగాడు. మన రాష్ట్రంలో ఆ నంబరు 37తో మొదలవుతుంది, పదిహేను అక్షరాలుంటుంది, అది బిల్లు మీద లేకపోతే ఆ పన్ను మన దగ్గర వసూలు చెయ్యడానికి వీల్లేదు. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్ళు కూడా కస్టమర్ దగ్గర విడిగా జీఎస్టీ తీసుకోకూడదు. ఇక సర్వీస్ ఛార్జి అయితే మనం ఇష్టపడి ఇచ్చేదే. బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది.

మేనేజరు మొదట నవ్వాడు. "ఏటండీ బాబూ, ఇంత దూరం వచ్చి ఐదొందలకీ ఆరొందలకీ పేచీయా?" అన్నాడు. నేను ఫోన్ తీసి 1915 నొక్కాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అవతల రింగు వినపడుతుండగానే సర్వీస్ ఛార్జి, జీఎస్టీ రెండూ కొట్టేశాడు. చేప డబ్బు మాత్రం తగ్గించలేదు, ముందు రేటు రాసి లేదు కాబట్టి మా చేతిలో ఆధారం లేకపోయింది. నీళ్ళ సీసా గురించి నా భార్య గట్టిగా అడుగుతానంది, నేనే వద్దన్నాను. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్ళు సీసా నీళ్ళు ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. బడ్డీకొట్టుకి ఆ వెసులుబాటు లేదు, అక్కడైతే వదలకండి.

4,580 కట్టి బయటికొస్తే మా డ్రైవరు వెనక పాకలో చేపల పులుసుతో భోంచేస్తున్నాడు. వాళ్ళెవరూ అతన్ని డబ్బులడగలేదు. ఆ పూట కళింగపట్నం బీచ్‌లో అమ్మ కారు దిగనే లేదు. వంశధార సముద్రంలో కలిసే ఆ చోటు ఎంత బాగుంటుందో! దాన్ని చూడాలనే అంత దూరం వెళ్ళాం, తీరా చూస్తే అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. నాకు ఇప్పటికీ ఆ డబ్బు కంటే దాని గురించే కోపం.

మర్నాడు వేరే కారు. శ్రీముఖలింగంలో గుడి గోడల మీది శిల్పాలు తీరిగ్గా చూశాం, అమ్మ మళ్ళీ మాటల్లో పడింది. నరసన్నపేట మీదుగా తిరిగొస్తూ బజార్లో బట్టల కొట్టాయన్ని అడిగాను. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అంటే ఎవరైనా బోర్డు పెద్దదున్న చోటే చూపిస్తారు. "ఇంటి నుంచి క్యారేజీ రాని రోజు మీరెక్కడ తింటారు?" అని అడగాలి. ఆయన కొట్టు దిగి వచ్చి మరీ సందులో ఉన్న మెస్ చూపించాడు.

రేకుల షెడ్డు, ఆరు బల్లలు, గోడ మీద సుద్దతో రేట్లు. భోజనం 110, చేపల పులుసు 60. మేం అడక్కముందే వడ్డించే ఆవిడ చెప్పింది, "సముద్రం చేప లేదమ్మా, వేట ఆపేశారు కదా, చెరువు చేపే. తింటారా?" ఆ ఒక్క మాటకి అమ్మ ముఖం విచ్చుకుంది. మునక్కాయలూ పచ్చి జీడిపప్పూ వేసిన కూర, ఆనపకాయ నువ్వుపిండి, బెల్లం తగిలిన ముక్కల పులుసు, గడ్డ పెరుగు. చేపల పులుసు చింతపండు ఎక్కువ కాకుండా చిక్కగా ఉంది. బావ కూర మూడుసార్లు వేయించుకున్నాడు. పిల్ల తిన్నదానికి ఆవిడ డబ్బులు తీసుకోలేదు. నాలుగు భోజనాలు, మూడు పులుసులు, 620.

ఆ మెస్‌కి వెళ్ళాలనుకుంటే శ్రీముఖలింగం నుంచి పన్నెండున్నరకల్లా బయల్దేరండి. మేం లేచేసరికి కూర గిన్నెలు ఖాళీ అయ్యాయి, మా వెనక వచ్చినవాళ్ళకి పప్పూ పెరుగే మిగిలాయి, ఆవిడ ఆ సంగతి వాళ్ళకి గుమ్మంలోనే చెప్పి భోజనానికి 70 మాత్రమే తీసుకుంది.