చిన్న స్టూడియోలో రెండో స్క్రీన్: మూడేళ్లు వాడాక

మా ఇల్లు హనుమకొండలో. మేడ మీద 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు ఉన్న గదే నా స్టూడియో. ఎక్కువగా జానపదాలే రికార్డు చేస్తాను. బతుకమ్మ పాటలు, బోనాల పాటలు, రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గరపడితే సమ్మక్క సారలమ్మ పాటలు. 2022 జూలై దాకా ఒక్క 24 అంగుళాల స్క్రీన్‌తోనే నడిపించాను. ఆ ఏడాది ఒక బతుకమ్మ పాటకు ఆరుగురు కోరస్ పాడారు. ఒక్కొక్కరి చేత రెండుసార్లు పాడించాను. చప్పట్లు, డప్పు, డోలు, కీబోర్డు అన్నీ కలిపి 38 ట్రాకులయ్యాయి, అంటే వేటికవి విడిగా ఉన్న 38 రికార్డింగులు. ఒక్కో ట్రాకు శబ్దాన్ని పెంచి తగ్గించే మిక్సర్ విండో తెరిస్తే ట్రాకులు కనపడవు, ట్రాకులు చూద్దామంటే మిక్సర్ మూయాలి. నేను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. కంట్రోల్, ఎం కలిపి నొక్కితే మిక్సర్ వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ఒక్క రాత్రిలో ఆ రెండు మీటలు ఎన్ని వందలసార్లు నొక్కానో. ఇక లాభం లేదని రెండో స్క్రీన్ కొన్నాను.

మన పనిలో స్పీకర్లను కూడా మానిటర్లే అంటాం కాబట్టి, ఇక్కడ కంటితో చూసేది స్క్రీన్, చెవితో వినేది స్పీకర్ అని రాస్తున్నాను.

నేను తీసుకున్నది 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ స్క్రీన్, అంటే నిలువునా 1440 చుక్కలు ఉండి, పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం. మోడల్ పేరు రాయడం లేదు. ఏడాది తిరిగేసరికి షాపుల్లో మోడళ్లు మారిపోతాయి, చూసుకోవాల్సిన విషయాలు మాత్రం మారవు. ఆ విషయాల్లో బొమ్మ ఎంత బాగుందన్నది నా లెక్కలో చివరికి వస్తుంది. ఆ స్క్రీన్ ఎక్కడ కూర్చుంటుంది, దాని వల్ల మనం ఎక్కడ కూర్చోవాల్సి వస్తుంది, అది తనంతట తాను ఏమైనా చప్పుడు చేస్తుందా అన్నవి ముందు వస్తాయి. ఇది నాకు మొదట తెలియలేదు. తెలియక ఒక పాట పాడుచేశాను.

కొన్న కొత్తలో దాన్ని పాత స్క్రీన్ పక్కనే, ఎడమ వైపు పెట్టాను. అందరూ పెట్టేది అలాగే కదా. 27 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. అది పట్టడానికి ఎడమ స్పీకర్‌ను గోడ మూలకు జరిపాను. మిక్సర్ ఎడమ స్క్రీన్ మీద ఉంది కాబట్టి కుర్చీ కూడా నాకు తెలియకుండానే ఒక జానెడు ఎడమకు జరిగింది. అలాగే కూర్చుని నాలుగు రాత్రులు ట్రాకులన్నీ కలిపి మిక్స్ చేసి, కోరస్‌లో ముందు పాడిన అక్కకు వాట్సాప్‌లో పంపాను. తెల్లారి ఆమె ఫోన్ చేసింది.

"తమ్మీ, మా కోరసు, చప్పట్లు అన్నీ కుడి చెవిలనే మోగుతున్నయ్. ఎడమ చెవిల సన్నగున్నది. ఇయర్‌ఫోన్ ఖరాబైందేమో అని ఇటుది అటు, అటుది ఇటు మార్చి పెట్టుకొని విన్న. పాటనే గట్లున్నది."

నేను నమ్మలేదు. నా గదిలో వింటే అంతా సమంగానే ఉంది మరి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక గానీ అర్థం కాలేదు. రెండు స్పీకర్లు, మన తల కలిసి మూడు వైపులూ సమానమైన త్రికోణంలో ఉండాలి. నా త్రికోణం ఒక్కో వైపు మీటరు. అందులో జానెడు ఎడమకు జరిగితే ఎడమ స్పీకర్ శబ్దం కుడి దానికంటే దాదాపు 0.6 మిల్లీ సెకన్లు ముందు చెవిని చేరుతుంది. వినడానికి అదేం లెక్క అనిపిస్తుంది. కానీ నట్టనడుమ వినపడాల్సిన గొంతు ఎడమ పక్కకు లాగినట్టు కావడానికి ఆ మాత్రం తేడా చాలు. దానికితోడు మూలకు జరిపిన ఎడమ స్పీకర్‌లో గోడ వల్ల కింది స్వరాలు బరువెక్కాయి. ఎడమ పక్క ఎక్కువైందనుకుని నేను కుడి పక్క పెంచుకుంటూ పోయాను. ఆ తప్పంతా పాటలోకి ఎక్కింది. మళ్లీ మొదటి నుంచి చేశాను. పండగకు వారం ముందు వదలాల్సిన పాట పండగ మొదటి రోజు ఎంగిలిపూల నాటికి గానీ బయటికి రాలేదు. ఆ ఆడవాళ్లంతా ఇంటి పనులు మానుకుని వచ్చి పాడారు. అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

మీకు కూడా అలాగే ఉందేమో చూసుకోవడం సులభం. ఒక గొంతును నట్టనడుమ పెట్టి మోగించి కళ్లు మూసుకోండి. శబ్దం వచ్చే చోటుకు వేలు చూపించి, కళ్లు తెరవండి. వేలు రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యకు చూపించకపోతే కుర్చీనో స్పీకర్లనో సరిచేయాలి.

ఆ తర్వాత రెండో స్క్రీన్‌ను పక్క నుంచి తీసి మొదటి దాని పైకి ఎక్కించాను. బల్ల అంచుకు బిగించే ఆర్మ్ ఒకటి కొన్నాను. కొనేముందు స్క్రీన్ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు 100 మిల్లీమీటర్ల చదరంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. తక్కువ ధర మోడళ్లలో కొన్నింటికి ఈ రంధ్రాలే ఉండవు, వాటిని పైకి ఎక్కించలేం. స్టాండ్ తీసేసిన స్క్రీన్ బరువు కూడా ఆర్మ్ మోయగలిగినంతే ఉండాలి. నా బల్ల ప్లైవుడ్‌ది కాదు, చెక్క పొట్టుతో చేసిన అట్టది (పార్టికల్ బోర్డు). క్లాంప్ బిగించిన చోట నలిగిపోవడం మొదలైంది. కింద, పైన చిన్న ఇనుప రేకు ముక్కలు పెట్టి బిగించాక మూడేళ్లుగా కదల్లేదు.

కింది స్క్రీన్ మీద ట్రాకులు, కటింగ్, గొంతు సరిచేసే పని. పై స్క్రీన్ మీద మిక్సర్, శబ్దం ఎంతుందో చూపే మీటర్లు. ఎక్కువసేపు చూసేది కిందే ఉండాలి, లేకపోతే మెడ పట్టేస్తుంది. పై దాన్ని కాస్త కిందికి వంచి పెట్టాను. రెండు స్క్రీన్లూ స్పీకర్ల ముఖం కంటే నాలుగు వేళ్లు వెనక్కే ఉంటాయి. ముందుకు వస్తే స్పీకర్ శబ్దం ఆ గట్టి పలక మీద పడి తిరిగి చెవికొస్తుంది, గొంతు గరుకుగా వినపడుతుంది. ఈ కారణంగానే 32 అంగుళాలది వద్దంటాను. దాని వెడల్పు 70 సెంటీమీటర్లు దాటుతుంది. 34 అంగుళాల పొడుగు స్క్రీన్ అయితే దాదాపు 80. ఒక్క స్క్రీన్‌తో పని అయిపోవాలనుకునేవారికి అది బాగుంటుంది కానీ నా అంత గదిలో స్పీకర్లను మూలలకు తోసేస్తుంది.

2024 మేడారం జాతర పాటలు చేసేటప్పుడు ఇంకొకటి బయటపడింది. డోలు కింది దెబ్బ పడ్డప్పుడల్లా "జుర్ర్" మని ఒక మోత. డోలు తోలు సడలిందేమో అనుకుని కళాకారుడిని ఇబ్బంది పెట్టాను. చూస్తే మోగింది ఆర్మ్ మీద వైర్లను పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్. కింది స్వరం నుంచి పై స్వరం దాకా మెల్లగా జారే టోన్ ఒకటి మోగిస్తూ బల్ల మీద ఒక్కో వస్తువును చేత్తో పట్టుకుని చూస్తే దొరికింది. పాత నూలు గుడ్డ చుట్టాక పోయింది. ఆర్మ్ పెట్టినవాళ్లంతా ఈ పరీక్ష ఒకసారి చేసుకోండి.

రెజల్యూషన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 24 అంగుళాలకు 1080పీ, 27కు 1440పీ సరిపోతాయి. 27లో అక్షరాలు కాస్త చిన్నగా ఉన్నా, విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసే సెట్టింగ్) రెండింటికీ 100 శాతంలోనే ఉంచొచ్చు. తెలిసిన తమ్ముడి దగ్గర ఇంకా ఎక్కువ చుక్కలుండే 27 అంగుళాల 4కే స్క్రీన్ తెచ్చి పది రోజులు వాడాను. దానికి స్కేలింగ్ 150 పెట్టాల్సి వచ్చింది. ఒక స్క్రీన్ 100, ఇంకోటి 150 అయ్యేసరికి రీపర్‌కు జోడించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు, అంటే ప్లగిన్లలో పాతవి ఒకదాని మీద పెద్దగా, ఇంకోదాని మీద చీమంత కనిపించాయి. వీడియో ఎడిటింగ్ కూడా చేసేవాళ్లకు 4కే మంచిదే. పాటల వరకైతే డబ్బు మైకుకు పెట్టండి.

ఇక చప్పుడు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. నేను మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన పీస్ ఇప్పుడున్నది కాదు. అది వచ్చిన మూడో రాత్రి, కాజీపేట వైపు రైళ్లు కూడా వినపడని వేళ, ఒక జోలపాట రికార్డు చేస్తున్నాం. ఆమె గొంతు చాలా మెత్తన, అందుకని మైక్ గెయిన్ (మైకు పట్టే శబ్దాన్ని పెంచే మోతాదు) బాగా పెంచాను. రికార్డు అయినదాంట్లో గొంతు వెనక సన్నటి ఈల. ఫ్యాన్ ఆపాం, ఫ్రిజ్ ఆపాం, ఈల పోలేదు. చివరికి స్క్రీన్ వెలుగు 30 నుంచి 100కు పెంచితే ఆగిపోయింది. కొన్ని స్క్రీన్లలో వెలుగు తగ్గించడమంటే లోపలి లైటును సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగించడమే. ఆ ఆర్పి వెలిగించడానికి లోపలి కాయిల్సో కెపాసిటర్లో సన్నగా మోగుతాయి. 100లో ఆర్పడమే ఉండదు కాబట్టి చప్పుడూ ఉండదు. కానీ రాత్రంతా 100 వెలుగులో కూర్చోలేం కదా. గడువులోపే వాపసు చేసి, హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక షాపులో ఇంకోటి తీసుకున్నాను. ధర రెండు వేలు ఎక్కువైంది. కానీ ప్లగ్ పెట్టి విననిచ్చారు.

షాపులో ఇలా చూడండి. వెలుగు 20కి తగ్గించండి. తెల్లటి పేజీ తెరిచి, స్క్రీన్ వెనక చెవి ఆనించి వినండి. తర్వాత గళ్లు గళ్లుగా ఉండే ఎక్సెల్ షీట్ తెరిచి మళ్లీ వినండి, కొన్ని పీసులు అప్పుడే మోగుతాయి. ఫోన్‌ను స్లో మోషన్‌లో పెట్టి వీడియో తీయండి. నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తే అది ఆర్పి వెలిగించే రకం. షాపు సందడిలో చెవికి వినపడకపోయినా ఫోన్ పట్టేస్తుంది.

ఈల వేరు, గుర్రుమనే హమ్ వేరు. కంప్యూటర్‌ను స్క్రీన్‌కు కలిపే హెచ్‌డీఎంఐ వైరు పెట్టగానే స్పీకర్లలో హమ్, తీస్తే లేదు. తప్పు స్క్రీన్‌ది కాదు, కరెంటుది. స్క్రీన్ ఒక గోడ ప్లగ్‌లో, స్పీకర్లు ఎదుటి గోడ ప్లగ్‌లో ఉన్నాయి, ఎర్త్ రెండు దారుల్లో వెళ్తోంది. అన్నిటినీ ఒకే బోర్డుకు మార్చి, స్పీకర్లకు హమ్‌ను అడ్డుకునే బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వేస్తే చాలావరకు తగ్గింది. మిగిలింది ఎండాకాలంలో ఎక్కువయ్యేది. కరెంటు పని చేసే అన్నను పిలిస్తే ముందు ఇంటి వెనక ఎర్త్ గుంత చూశాడు. పూర్తిగా ఎండిపోయింది. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించాడు. అప్పటి నుంచి మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి రెండు బిందెల నీళ్లు నేనే పోస్తున్నాను. హమ్ పోవడానికి ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. మైకు ముందు నిలబడేది మనల్ని నమ్మి వచ్చిన మనిషి. షాక్ కొడితే ముందు తగిలేది వాళ్లకే.

చిన్న చిన్న చికాకులు కొన్ని ఉన్నాయి. స్క్రీన్ పెట్టగానే విండోస్ దాన్ని సౌండ్ డివైస్ అనుకుని యూట్యూబ్ శబ్దాన్ని అటు పంపుతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో దాన్ని డిసేబుల్ చేస్తే సరి. డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం వైరుతో పెట్టినప్పుడు స్క్రీన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే విండోలన్నీ మొదటి స్క్రీన్ మీదికి వచ్చి పడేవి. విండోస్ 11లో వాటి చోటు గుర్తుంచుకునే సెట్టింగ్ ఉంది. రీపర్‌లో ఏ విండో ఎక్కడుండాలో గుర్తుంచుకునే స్క్రీన్‌సెట్ సేవ్ చేసుకుంటే ఇంకా నయం. చలికాలంలో కుర్చీలోంచి లేవగానే పై స్క్రీన్ ఒక సెకను నల్లబడేది. కుర్చీ గ్యాస్ రాడ్ దగ్గర పుట్టే స్టాటిక్ కరెంటును పల్చటి కేబుల్ పట్టుకుంటోంది. పొట్టి, మందపాటి కేబుల్ వేశాక మళ్లీ కాలేదు.

మూడేళ్లలో ఒక్క పిక్సెల్ పోలేదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడుస్తుంది, ఒక ట్యూబ్‌లైటు తినేంత కరెంటే తింటుంది.

కొనేటప్పుడు నేను అనుకోని ఉపయోగం ఒకటి దొరికింది. ఆర్మ్ ఉంది కాబట్టి పై స్క్రీన్‌ను పాడేవాళ్ల వైపు తిప్పి, పాట సాహిత్యం పెద్ద అక్షరాల్లో చూపిస్తున్నాను. అంతకుముందు కాగితాలు ఉండేవి. పేజీ తిప్పిన గరగర ప్రతి టేక్‌లోనూ పడేది. స్క్రీన్‌ను మైకుకు కనీసం 3 అడుగుల దూరంలో ఉంచాలి, దగ్గరైతే గొంతు దానికి తగిలి వెనక్కి మైకులోకే వస్తుంది. పోయిన బతుకమ్మకు, అప్పుడు ఫోన్ చేసి తప్పు చెప్పిన ఆ కోరస్ అక్కే మళ్లీ వచ్చింది. ఆమెతో వచ్చిన పెద్దమ్మకు చదువు రాదు. ఆమె స్క్రీన్ వైపు చూడనేలేదు, కళ్లు మూసుకుని తనకు కంఠస్థంగా ఉన్నట్టే పాడింది. రెండో చరణంలో స్క్రీన్ మీద లేని రెండు పంక్తులు పాడింది. అక్క ఆగి నా వైపు చూసింది.

"గవి ముందటి నుంచి ఉన్నయే తమ్మీ. నువ్వు రాసుకున్న కాడనే తప్పిపోయినయ్. ఎక్కియ్యి."

మైక్ ఆపకుండానే ఆ రెండు పంక్తులూ టైప్ చేశాను. మూడో టేక్‌లో అందరూ కలిసి పాడారు.