లేపేవాడే నిద్రపోతే: పది నెలలుగా లాప్‌టాపే నా అలారం

పక్కన ఫోనుంటే రాత్రి ఒంటిగంట దాకా నా వేలు ఆగదు. అందుకే పోయిన ఏప్రిల్లో ఫోన్‌ని హాల్లోకి తోలేసి, బల్ల మీదుండే పాత విండోస్ 10 లాప్‌టాప్‌కి ఐదింటికి లేపే పని అప్పజెప్పాను. "టైంపీసు కొనుక్కుంటే పోయేదానికి ఇంత తతంగమా?" అంది మా ఆవిడ. నిజమే గానీ, దాని టిక్కుటిక్కుకి నాకు నిద్ర పట్టదు.

మొదటి రోజే దెబ్బ. విండోస్‌తో వచ్చే అలారం యాప్‌లో ఐదు పెట్టి, మూత వేసి పడుకున్నాను. ఆరున్నరకి ఎండ మొహాన పడితే లేచాను. యాప్‌ని తిట్టి లాభం లేదు. కంప్యూటర్ మెలకువగా ఉంటేనే మోగుతానని అది ముందే చెబుతుంది, మనమే చదవం. సరే, కాసేపు ముట్టుకోకపోతే మెషీన్ దానంతటదే పడుకునే 'స్లీప్'ని 'నెవర్'కి మార్చి, మూత వేసినా ఏమీ చేయొద్దని చెప్పి ఓ వారం చూశాను. అలారం మోగింది కానీ, రాత్రంతా ఫ్యాను గుయ్యిమంటుంటే పడుకున్నట్టే లేదు.

అప్పుడు టాస్క్ షెడ్యూలర్ పట్టుకున్నాను, చెప్పిన టైముకి చెప్పిన పని (టాస్క్) చేసిపెట్టే విండోస్ సాధనం అది. రోజూ ఐదింటికి ఒక టాస్క్ పెట్టి, కండిషన్స్‌లో 'వేక్ ద కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్' దగ్గర టిక్ కొట్టాలి. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ కింద 'అలౌ వేక్ టైమర్స్' (పడుకున్న మెషీన్‌ని లేపే టైమర్లని అనుమతించడం) కూడా ఎనేబుల్ చేయాలి, లేకపోతే ఆ టిక్ దండగ. లాప్‌టాప్ పడుకున్నా మదర్‌బోర్డు మీది గడియారం నడుస్తూనే ఉంటుంది, టైముకి తట్టి లేపేది అదే. అడ్మిన్‌ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /వేక్‌టైమర్స్' కొడితే టైమరు పడిందో లేదో చూపిస్తుంది. మొదటి నెలంతా తలుపు గడియ చూసుకున్నట్టు అది చూసుకునే పడుకున్నాను.

ఇక్కడో అతితెలివికి పోయాను. 4.55కి టాస్క్‌తో మెషీన్‌ని లేపి, 5కి యాప్‌తో అలారం మోగిద్దామనుకున్నా. మోగలేదు. టైమరు వల్ల లేచిన మెషీన్‌ని ఎవరూ ముట్టుకోకపోతే విండోస్ మామూలుగా రెండు నిమిషాల్లో మళ్లీ పడుకోబెడుతుంది. అచ్చం నాలాగే! ఇప్పుడు టాస్కే నేరుగా ఐదింటికి సన్నాయి ఫైలు తెరుస్తుంది. పాట నడుస్తున్నంతసేపూ అది పడుకోదు. స్క్రీన్ లాకై ఉన్నా వినిపిస్తుంది, లాగవుట్ మాత్రం చేయకూడదు.

మే నెలలో గాలివానకి రాత్రి కరెంటు పోయింది, అలారమూ పోయింది. అదే కండిషన్స్‌లో, ఛార్జర్ మీదుంటేనే నడవాలనే టిక్ ముందునుంచే పెట్టి ఉంటుంది. అది తీసేశాను. వేక్ టైమర్లకి బ్యాటరీ సెట్టింగు వేరే ఉంటుంది, అదీ ఎనేబుల్ చేశాను. గండం గట్టెక్కిందనుకున్నా.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. స్లీప్‌లో ఉన్న లాప్‌టాప్‌ని బ్యాగులో వేసి బెర్త్ కింద తోసి పడుకున్నాను. ఐదింటికి బెర్త్ కిందనుంచి సన్నాయి! బ్యాగు తాళం తీసేలోపు అటు బెర్తులో పెద్దాయన దుప్పటి తీసి "ఎవరిదయ్యా పెళ్లి?" అన్నాడు. లాప్‌టాప్ బ్యాగులో ఉడికిపోయి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అప్పట్నుంచి ప్రయాణమంటే పూర్తిగా షట్‌డౌనే.

ఇయర్‌ఫోన్స్ పీకడం మరిచిన రోజు సన్నాయి బల్ల మీద దోమలా పాడుకుంది. అర్ధరాత్రి అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయిన రోజు పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంది. ఇలాంటివి నాలుగైదు తీసేస్తే, మంచం దిగి బల్ల దాకా నడిస్తే గానీ ఆగని అలారం ఇదొక్కటే నాకు దొరికింది. తెల్లారి రైలుందంటే మాత్రం మా ఆవిడ ఫోన్‌లో కూడా ఒకటి పెట్టిస్తాను.