బొడ్డుతాడు రక్తం: బ్యాంకులో దాచాలా, బిడ్డకే వదలాలా?

గర్భం ఏడో నెల దాటగానే చాలా ఇళ్లకు బొడ్డుతాడు రక్తం దాచే బ్యాంకుల నుంచి ఒకేలాంటి ఫోన్ వస్తుంది. ఆ వెంటనే నాకు ఒకేలాంటి ప్రశ్న వస్తుంది: "స్టెమ్ సెల్ బ్యాంకింగ్ చేయించమంటున్నారు, చేయించాలా వద్దా?" అంటే కాన్పు కాగానే బొడ్డుతాడులోని రక్తం తీసి, దానిలో ఉండే మూలకణాల (కొత్త రక్తకణాలను పుట్టించే స్టెమ్ సెల్స్) కోసం దాచిపెట్టడం. కొందరు ఒక మెట్టు దాటేసి ఏ కంపెనీ మంచిదో చెప్పమంటారు. సీమంతం ఖర్చులు, ఆసుపత్రి ఖర్చులు లెక్కేసుకుంటున్న ఇంట్లో ఇంకో అరలక్ష, లక్ష రూపాయల సంగతి ఇది. పైగా "బిడ్డ ప్రాణం కన్నా ఎక్కువా" అన్న మాట వినబడ్డాక వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. అందుకే ఒకచోట వివరంగా రాస్తున్నాను.

మీ ముందున్నవి నాలుగు దారులు. ఒకటి, బిడ్డ పేరు మీద ప్రైవేటు బ్యాంకులో దాచడం. రెండు, కమ్యూనిటీ బ్యాంకింగ్, అంటే అందరి రక్తం ఒక ఉమ్మడి నిధిలో ఉంచి, అవసరమైన సభ్యులు దానిలోంచి తీసుకోవడం. మూడు, పబ్లిక్ బ్యాంకుకు దానం. నాలుగు, రక్తం తీయించకుండా, బొడ్డుకు కాస్త ఆగి క్లిప్ వేయించి, ఆ రక్తాన్ని బిడ్డ ఒంట్లోకే వెళ్లనివ్వడం. నాలుగో దారిలో అమ్ముడుపోయేది ఏమీ లేదు కాబట్టి ఆ ఫోన్‌లో దాని ఊసు రాదు. నా మొగ్గు దానివైపే. ఎందుకో చెప్పే ముందు మిగతావాటి బలం కూడా చూడాలి.

బిడ్డ పేరు మీద దాచుకుంటే

బొడ్డుతాడు రక్తంతో తొలి మూలకణ మార్పిడి, అంటే రోగికి ఆరోగ్యకరమైన మూలకణాలు ఎక్కించే చికిత్స, 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో జరిగింది. చేసింది ఎలియాన్ గ్లూక్‌మన్ బృందం, రోగి ఫాంకోనీ ఎనీమియా (పుట్టుకతో వచ్చే అరుదైన రక్త జబ్బు) ఉన్న ఒక అమెరికా బాలుడు. వాడికి ఎక్కించింది అప్పుడే పుట్టిన చెల్లెలి రక్తం. ఈ చికిత్స తోబుట్టువు కణాలతో మొదలైంది. ఆ తర్వాత ఇది ఎక్కువగా పనికొచ్చిందీ ఇతరుల కణాలతోనే.

దానికి కారణం ఉంది. థలసీమియా, సికిల్ సెల్ లాంటివి జన్యువుల్లో ఉండే జబ్బులు. బిడ్డకు ఆ జబ్బు ఉంటే బొడ్డుతాడులోని మూలకణాల్లోనూ అదే లోపం ఉంటుంది. వాటినే మళ్లీ ఎక్కిస్తే జబ్బు తిరిగి మొదటికొస్తుంది. చిన్నపిల్లల ల్యుకీమియాలో (రక్త క్యాన్సర్‌లో) కొన్ని రకాలకు తొలి జన్యుమార్పు పుట్టకముందే మొదలవుతుంది, అంటే దాచిన రక్తంలోనూ అది ఉండొచ్చు. అదీకాక దాత కణాలు మిగిలిన క్యాన్సర్ కణాల మీద దాడి చేయడం ఆ మార్పిడికి పెద్ద బలం. సొంత కణాలు ఆ పని చేయవు. బ్యాంకు కరపత్రంలో ఎనభై జబ్బుల జాబితా కనిపిస్తే, వాటిలో సొంత రక్తంతో నయమయ్యేవి ఎన్నో విడిగా రాసిమ్మని అడగండి.

అమెరికాలోని మూలకణ మార్పిడి వైద్యుల సంఘం 2008లో వేసిన అంచనా ప్రకారం, దాచుకున్న సొంత రక్తం మొదటి ఇరవై ఏళ్లలో అవసరపడే అవకాశం 0.04 శాతం నుంచి 0.0005 శాతం మధ్య. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి: భవిష్యత్తులో సొంత వాడకం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదన్నాయి. ఒక్క మినహాయింపు ఇచ్చాయి, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ఉమ్మడి నిధి మాటేమిటి?

సొంత రక్తం సొంత జబ్బుకు పనికిరాదన్న సంగతి అందరికీ తెలిసిపోయాక 2017 నుంచి మన దేశంలో కమ్యూనిటీ బ్యాంకింగ్ వచ్చింది. దీని వెనకున్న తర్కం మొదటిదానికన్నా నిజంగా మెరుగు. ప్రపంచ దాతల జాబితాల్లో భారతీయులు తక్కువ, మన హెచ్ఎల్ఏ రకాలు (దాత కణాలు రోగికి సరిపోలతాయో లేదో తేల్చే గుర్తులు) వేరు. మనవాళ్ల రక్తమే ఒకచోట ఉంటే సరిపోలే యూనిట్ (ఒక బిడ్డ నుంచి తీసి దాచిన రక్తం) దొరికే అవకాశం పెరుగుతుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పకపోతే ప్రైవేటు కన్నా ఇదే మేలంటాను.

కానీ సరిపోలడం సగం సంగతే. కణాల సంఖ్య కూడా చాలాలి. రోగి బరువు కిలోకు కనీసం రెండున్నర కోట్ల కేంద్రక కణాలు (లోపల కేంద్రకం ఉన్న కణాలు) కావాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఇరవై కిలోల బిడ్డకు యాభై కోట్లు, అరవై కిలోల మనిషికి నూట యాభై కోట్లు. కణాలు తక్కువున్న యూనిట్లను పబ్లిక్ బ్యాంకులు మొదట్లోనే పక్కన పెట్టేస్తాయి. మీరు డబ్బు కట్టినచోట చిన్న యూనిట్ కూడా దాస్తారు. నిధిలో ఎన్ని వేల యూనిట్లు ఉన్నాయో చెబుతారు. వాటిలో నూట యాభై కోట్లు దాటినవి ఎన్ని అని అడగండి.

ఈలోగా వైద్యం కూడా ముందుకు పోయింది. సగం మాత్రమే సరిపోలే అమ్మానాన్నల నుంచి మూలకణాలు తీసి చేసే హాప్లో మార్పిడి ఇప్పుడు మన దేశంలోనూ బాగా జరుగుతోంది. బంధుత్వం లేని దాతల కోసం 2009లో చెన్నైలో మొదలైన దాత్రి లాంటి రిజిస్ట్రీలు (దాతల జాబితా నడిపే సంస్థలు) ఉన్నాయి. బొడ్డుతాడు రక్తం తప్ప దిక్కులేదన్న పరిస్థితి మారిపోయింది.

నా దృష్టిలో తేల్చేది ఇదే

ఇదంతా పక్కనపెట్టినా, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం పుట్టిన మొదటి మూడు నిమిషాల్లో ఉంది. ఆ రక్తం "ఎలాగూ పారేసేదే" అని చెబుతారు. అది నిజం కాదు. బిడ్డ బయటికొచ్చాక కూడా మాయ నుంచి రక్తం బొడ్డుతాడు గుండా బిడ్డలోకి వెళుతూనే ఉంటుంది. ఒక నిమిషం ఆగితే సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు సుమారు 100 మిల్లీలీటర్లు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే దాదాపు 240 మిల్లీలీటర్లు. అందులో మూడో వంతుకు సమానమైన రక్తం సంచిలోకి పోవాలా, బిడ్డలోకి పోవాలా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ రక్తంతోపాటు ఇనుము వెళుతుంది. మొదటి ఆరు నెలలు బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది, ఎందుకంటే తల్లిపాలల్లో ఇనుము తక్కువ. మన రాష్ట్రాల సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. బొడ్డు ఆలస్యంగా కోసినంత మాత్రాన ఇది మాయమవదు, తిండి, నులిపురుగులు, తల్లి రక్తహీనత అన్నీ ఉన్నాయి. కానీ పది మందిలో ఆరేడుగురికి వచ్చే ఇబ్బందిని కొంతైనా తగ్గించే రక్తాన్ని తీసి, వేలల్లో ఒకరికైనా అవసరపడుతుందో లేదో తెలియనిదానికి దాచడం నాకు సమ్మతం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే కనీసం నిమిషం ఆగాకే బొడ్డుకు క్లిప్ వేయాలంది. రక్తహీనత తగ్గించడానికి కేంద్రం నడిపే ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలోనూ ఇది ఉంది. నెలలు నిండని బిడ్డలకు దీని విలువ ఇంకా ఎక్కువ. ఆగడం వల్ల ఆ పిల్లల మరణాలు తగ్గుతున్నాయని 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణలు చూపించాయి. సిజేరియన్ అయినా నిమిషం ఆగవచ్చు. పచ్చకామెర్లకు లైటు కింద పెట్టాల్సిన అవసరం కాస్త పెరగవచ్చు, అది చూసుకోగలిగిన సంగతే. బిడ్డకు వెంటనే ఊపిరి పోయాల్సి వచ్చినా, తల్లికి రక్తస్రావం ఎక్కువైనా డాక్టరు ఆగరు, ఆగకూడదు కూడా.

"రెండూ చేస్తాం, నిమిషం ఆగి మిగిలింది తీస్తాం" అని బ్యాంకులవాళ్లు అంటారు. చేయవచ్చు. కానీ ఆగేకొద్దీ సంచిలోకి వచ్చే రక్తం, కణాలు తగ్గుతాయి, పైన చెప్పిన కోట్ల లెక్క అందకుండా పోతుంది. అంటే బ్యాంకుకు మంచి యూనిట్ కావాలంటే తొందరగా క్లిప్ పడాలి, బిడ్డకు మేలు జరగాలంటే ఆగాలి. ఇక్కడ బిడ్డ తరఫున మాట్లాడాల్సింది తల్లిదండ్రులే. రక్తం సేకరణ కోసం ఆలస్యపు క్లిప్ పద్ధతిని మార్చకూడదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2019లో స్పష్టంగా చెప్పింది.

దాచాల్సిన కుటుంబాలూ ఉన్నాయి

ఇంట్లో ఇప్పటికే థలసీమియా లాంటి జబ్బుతో బిడ్డ ఉండి, తల్లి మళ్లీ గర్భవతి అయితే లెక్క పూర్తిగా మారుతుంది. హైదరాబాద్‌లో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి పిల్లల్ని తీసుకెళ్లి రక్తం ఎక్కించే తల్లిదండ్రులకు ఇది బాగా తెలుసు. ఐసీఎంఆర్ ఇచ్చిన మినహాయింపు ఇదే. పుట్టబోయే బిడ్డ అన్నకో అక్కకో సరిపోలే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డకు థలసీమియా మేజర్ (జబ్బు తీవ్ర రూపం) లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు. రెండూ కలిసి పదహారింట మూడు. చిన్న సంఖ్య అనిపించినా, నెలనెలా రక్తం ఎక్కించుకునే బిడ్డ ఇంట్లో ఉంటే అది గట్టి ఆశే. ఆ కుటుంబాలు హెమటాలజిస్టుతో (రక్త జబ్బుల వైద్యులతో) మాట్లాడి, కాన్పుకు ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ రక్తం దొరక్కపోయినా, సరిపోలిన చెల్లో తమ్ముడో కాస్త ఎదిగాక ఎముక మజ్జ ఇవ్వగలరు.

మేనరికాలు ఉన్న ఇళ్లలో "మాకు రిస్కు ఎక్కువ కదా, దాచుకోమంటారా" అని అడుగుతారు. ఆ డబ్బులో చిన్న భాగంతో భార్యాభర్తలిద్దరికీ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష (థలసీమియా, సికిల్ సెల్ లోపాలను పట్టే రక్త పరీక్ష) చేయించుకోండి. ఇద్దరూ క్యారియర్లని (జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు మోసేవాళ్లని) ముందే తెలిస్తే గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించవచ్చు. దానివల్ల జరిగే మేలు, దాచిన సంచివల్ల జరగదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

2011 చివర్లో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాలను సవరించాక, మన దేశంలో లైసెన్సు లేకుండా బొడ్డుతాడు రక్తం బ్యాంకు నడపకూడదు. లైసెన్సు సేకరణకు, పరీక్షలకు, నిల్వకు సంబంధించింది. ఆ రక్తం మీకు పనికొస్తుందని అది హామీ ఇవ్వదు. నిల్వ మీద కూడా పూర్తి ధీమా పెట్టుకోలేం. 2023 నవంబరులో సింగపూర్ ఆరోగ్య శాఖ కార్డ్‌లైఫ్ సంస్థ ట్యాంకుల్లో ఉష్ణోగ్రతలు పరిమితి దాటాయని ప్రకటించింది. ఒక్క ట్యాంకులోనే సుమారు 2,200 యూనిట్లు దెబ్బతిన్నాయి. లైసెన్సు ఉన్న, పేరున్న సంస్థ అది. అధికారులు చెప్పేదాకా తల్లిదండ్రులకు తెలిసే దారి లేదు.

అందుకే ఒప్పందంలో నష్టపరిహారం నిబంధన ముందు చదవండి. యూనిట్ పాడైతే కట్టిన ఫీజు వరకే బాధ్యత అని ఉందేమో చూడండి. వివాదం ఏదైనా ఫలానా నగరంలో ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) వెళ్లాలని రాసి ఉన్నా భయపడక్కర్లేదు. ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపు మూసుకోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకో సంగతి, ఇది చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. మిమ్మల్ని బ్యాంకింగ్‌కు పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవడం 2002 వైద్య వృత్తి నియమావళి ప్రకారం తప్పు. "మీకు దీనిలో ఏమైనా వస్తుందా డాక్టరుగారూ" అని మర్యాదగా అడిగే హక్కు మీకుంది.

మిగిలినవి

పబ్లిక్ బ్యాంకుకు దానం మనసుకు నచ్చే దారి, కానీ మన ఊళ్లలో సేకరించేవాళ్లు దాదాపు లేరు. అమెరికాలో ఉండే మనవాళ్లకు మాత్రం కొన్ని ఆసుపత్రుల్లో ఉచితంగా ఆ వీలుంది, అడిగి చూడండి.

బొడ్డుతాడు కణజాలం, మాయ, పాలపళ్ల గుజ్జు దాచే ప్యాకేజీలకు దూరంగా ఉండండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం బొడ్డుతాడు రక్తం తప్ప మరేదీ వాణిజ్యపరంగా నిల్వ చేయడానికి అనుమతి లేదు. ఆటిజంకు పనికొస్తుందని ఎవరైనా చెబితే, ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022 డిసెంబరులోనే చెప్పిందని గుర్తుచేయండి.

ఇప్పటికే సంతకం చేసి డబ్బు కట్టేసినవాళ్లు కంగారు పడకండి. కనీసం నిమిషం ఆగాకే క్లిప్ వేయాలని, మిగిలిన రక్తమే తీయాలని గైనకాలజిస్టుకు ముందే చెప్పి కేసు షీటులో రాయించండి. కాన్పయ్యాక బ్యాంకు నుంచి రిపోర్టు తెప్పించుకోండి. దానిలో ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం కేంద్రక కణాలు ఎన్ని, సీడీ34 కణాలు (మూలకణాలను లెక్కించే గుర్తు ఉన్నవి) ఎన్ని, ఇన్‌ఫెక్షన్ పరీక్ష ఏం చెప్పింది అన్న నాలుగూ ఉండాలి. కణాలు చాలకపోతే దాచొద్దని చెప్పి, ఎంత తిరిగిస్తారో ఒప్పందంలో చూసి, రాతపూర్వకంగా అడగండి. దాచాలనే అనుకుంటే, పద్దెనిమిదేళ్లు నిండాక ఆ యూనిట్ మీద హక్కు బిడ్డకు వస్తుందా, ఏటా కట్టేది ఆగితే ఏం చేస్తారు, కంపెనీ మూతపడితే ట్యాంకు ఎవరి చేతికి వెళుతుంది అన్న మూడింటికీ ఈమెయిల్‌లో జవాబు తీసుకుని దాచుకోండి.