విశాఖలో సాయంత్రం బోటు షికారు: చీకటి పడితే ఏ చోటు మేలు, ఏం చూసుకుని ఎక్కాలి

విశాఖలో రాత్రిపూట బోటెక్కుదామని బయల్దేరేవాళ్లు తక్కువ. సాయంత్రం ఎక్కి, దిగేసరికి రాత్రయ్యేవాళ్లే ఎక్కువ. నవంబరు చివరి వారంలో ఇక్కడ ఐదున్నరకు ముందే పొద్దు కుంకుతుంది. అదే జూన్ నెలాఖరులో ఆరున్నర దాటుతుంది. పొద్దు కుంకాక కంటికి పనికొచ్చే వెలుతురు మహా అయితే ఇరవై ఐదు నిమిషాలు. కాబట్టి డిసెంబరులో ఐదింటికి గట్టు వదిలిన గంట షికారు చీకట్లోనే ముగుస్తుంది. ఇంజను ఒక్కసారి మొరాయించినా, ఒక కుటుంబం రావడం ఆలస్యమైనా పూర్తి రాత్రే. "మేం రాత్రి వెళ్లడం లేదు కదా" అనేవాళ్లకే ఈ జాగ్రత్తలు ముందు కావాలి.

చోట్లను బేరీజు వేయడానికి ఒక్క ప్రశ్న చాలు: మనిషి నీళ్లలో పడితే చూసేదెవరు, ఎంతసేపట్లో చేరుకుంటారు?

ఈ లెక్కన ఫిషింగ్ హార్బర్ వైపు జెట్టీ మిగతా చోట్లకన్నా నయం. బయటి హార్బరు అడ్డుగోడల వల్ల కెరటం లోపలికి పెద్దగా రాదు. ఏ వేళప్పుడైనా చుట్టూ మరబోట్లు, మనుషులు ఉంటారు. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ దిక్కు చెబుతుంది. ఇబ్బందల్లా ఓడలతోనే. హార్బరు ముఖద్వారం పెద్ద ఓడల దారి. నిండా సరుకుతో ఉన్న ఓడ ఇంజను ఆపినా మైలు దూరం దాకా సాగిపోతుంది. పైగా దాని ముక్కు ముందు కొన్ని వందల మీటర్ల మేర ఓడను నడిపే పైగదిలోని కెప్టెన్‌కు నీళ్లే కనబడవు. ఆ దారికి అడ్డంగా బోటు ఆపి ఫొటోలు దిగుదామని సరంగును, అంటే బోటు నడిపేవాణ్ని, బతిమాలకండి.

రుషికొండ పగటిపూట హాయైన చోటే. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో తెచ్చుకున్న బీచ్ అది. కానీ అక్కడ జెట్టీ లేదు, బోటు విరిగే కెరటాల మధ్య నుంచే ఇసుక మీదికి రావాలి. వెనక నుంచి వచ్చే అలను చూసుకుంటూ, ముక్కు నేరుగా ఉంచి, అల వీపు మీద రావాలి. చీకట్లో ఆ అల కనబడదు. బోటు అడ్డం తిరిగిందంటే బోల్తానే. అందుకే రుషికొండలో చివరి బోటుకు టికెట్ తీసుకోవద్దు. దానికి ముందున్నది ఎక్కండి.

భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే మొగ చూడ్డానికి ఎంత బాగుంటుందో రాత్రి అంత కష్టం. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ నది నీరు బయటికి పరుగెడుతుంటే సముద్రపు అల ఎదురొస్తుంది. రెండూ ఢీకొన్నచోట అల నిటారుగా లేచి విరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇది ఇంకా ఎక్కువ. ఇసుక మేటలు ఏటా పక్కకు జరుగుతాయి కనుక నిరుడు వెళ్లిన దారి ఈ ఏడు ఉండకపోవచ్చు. చీకటి పడితే మొగ దాటకూడదు, అంతే. అనకాపల్లి వైపు కొండకర్ల ఆవలో తాటి దోనెల షికారు ఉదయానికే సరిపోతుంది. పొద్దుపోతే దోనె మీద దీపం ఉండదు, నీళ్లలో తీగలు కాళ్లకు చుట్టుకుంటాయి.

నీటి మీదే రాత్రి గడపాలన్న కోరిక ఉంటే క్రూయిజ్ ఓడ దొరికినప్పుడు దానికి వెళ్లడం మంచిది. 2022లో కార్డీలియా ఓడ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు నడిచింది. 2023లో పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అలాంటి ఓడలో బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో ప్రయాణికులందరినీ పిలిచి చేయించే డ్రిల్లును చాలామంది గదిలో కూర్చుని తప్పించుకుంటారు. అలా చేయొద్దు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినబడితే ఎక్కడికి చేరాలో అప్పుడే తెలుసుకోవాలి. గది నుంచి ఆ చోటికి మెట్ల మీదుగా ఒకసారి నడిచి చూడండి. రాత్రి కరెంటు పోతే లిఫ్టు ఉండదు.

ఇక చిన్న బోటు ఎక్కే ముందు చూడాల్సినవి. అన్నిటికన్నా ముందు లైఫ్ జాకెట్. చేతిలోకి తీసుకుని బకిల్ పెట్టి గట్టిగా లాగండి. ఉప్పు పేరుకుని తెల్లబారిన బకిల్ సగం పట్టుకున్నట్టే పట్టి ఊడిపోతుంది. బట్ట మీద నొక్కితే ఫోమ్ తిరిగి పొంగాలి, నొక్కినచోట గుంట అలాగే ఉండిపోతే అది తేల్చే శక్తి పోగొట్టుకున్న జాకెట్. లోపలి లేబుల్ మీద తేల్చే శక్తి 50 (న్యూటన్లు) అని ఉంటే అది ఈత వచ్చినవాడికి ఊతమే తప్ప, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పదు. రాత్రికి 100 గానీ 150 గానీ ఉన్నది కావాలి. భుజాల దగ్గర వెండిరంగు మెరుపు పట్టీ ఉందా చూడండి. టార్చి వేస్తే నల్లటి నీళ్లలో మనిషి తల కనబడదు గానీ ఆ పట్టీ చటుక్కున మెరుస్తుంది. ఈల ఉండాలి, చిన్న లైటు ఉంటే మరీ మంచిది. పిల్లలకు పెద్దల జాకెట్ తొడిగితే నీళ్లలో పడగానే జాకెట్ పైకి, పిల్ల కిందికి. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్న పిల్లల జాకెట్టే అడగండి. తొడిగాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది సరిపడని జాకెట్.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది పట్టపగలు. ఒడ్డున మనుషులు చూస్తుండగానే. బోటులో ఉన్న జాకెట్లు ఒంటి మీద లేకపోతే పగలే అక్కరకు రాలేదు. రాత్రి సీటు కింద వెతుక్కునే సమయం అసలుండదు. ఉక్కపోసినా సరే, గట్టు మీద తొడిగింది గట్టు మీదే విప్పాలి.

సరంగును అడగడానికి మొహమాటపడకండి. "ఇంజను ఆగిపోతే ఏం చేస్తావన్నా?" అంటే మంచి సరంగు విసుక్కోడు, లంగరు చూపిస్తాడు. లంగరుకు కట్టిన మోకు లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లుండాలి. పది మీటర్ల లోతులో యాభై, డెబ్బై మీటర్లన్నమాట. పొట్టి మోకుతో వేసిన లంగరు నేలను పట్టదు, ఈడ్చుకుపోతుంది. ఫైబర్ బోటుకు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజనుంటే, లాగితే ఇంజను ఆపేసే కిల్ స్విచ్ తాడు నడిపేవాడి మణికట్టుకో నడుముకో తగిలించి ఉండాలి. అది లేకుండా వాడు పడిపోతే బోటు నడిపేవాడు లేకుండా తిరుగుతూ, పడినవాణ్నే ఫ్యాను రెక్కలతో కోస్తుంది.

దీపాల విషయం. పన్నెండు మీటర్లలోపు మరబోటుకు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, అన్ని వైపులకూ కనబడే ఒక తెల్ల దీపం ఉండాలి. షికారు బోట్లకు చుట్టే రంగురంగుల ఎల్‌ఈడీ మాలలు ముచ్చటగా ఉంటాయి గానీ, వాటి మధ్య అసలు దీపాలు కలిసిపోయి ఎదుటివాడికి మీరు వస్తున్నారో పోతున్నారో తెలియదు. ఆర్పమని అడగండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. సరంగు ముఖం మీద ఒక్క ఫ్లాష్ పడితే ఆ అలవాటంతా పోతుంది. సెల్ఫీలు బోటు వెనక వైపే. ఎదురుగా ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనబడి, పైన రెండు తెల్ల దీపాలు ఒకే నిలువు గీతలోకి వచ్చాయంటే ఓడ నేరుగా మీ మీదికే వస్తోంది. ఆకుపచ్చ కింద తెలుపుంటే ట్రాల్ వల లాగుతున్న బోటు. దాని వెనక నుంచి దూరకండి, వల ఫ్యానుకు చుట్టుకుంటుంది.

ఇంజను ఆగిపోతే రాత్రికీ పగటికీ ఉన్న తేడా గాలిలో ఉంది. పగలు సముద్రం మీంచి ఒడ్డుకు వీచే గాలి రాత్రి ముదిరేకొద్దీ ఒడ్డు నుంచి సముద్రం మీదికి మళ్లుతుంది. ఇంజను లేని బోటును నెమ్మదిగా లోపలికి తోసుకుపోతుంది. పైగా తీరం వెంబడి ప్రవాహం మార్చి, ఏప్రిల్‌లలో ఉత్తరాన భీమిలి వైపు, నవంబరులో దక్షిణాన గంగవరం వైపు లాగుతుంది. వెతికేవాళ్లకు ఈ దిక్కే ఆధారం. అందుకే లోతు తక్కువున్నప్పుడే లంగరు వేసేయాలి, "కాసేపట్లో స్టార్టవుతుంది" అని అరగంట తాడు లాగుతూ కూర్చోకూడదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమటి కొండల మీద మబ్బు కమ్మి ఉరుములు వినబడితే ఈదురుగాలి కూడా బోటును సముద్రం వైపే నెడుతుంది. అప్పుడు బోటెక్కకపోవడమే మేలు. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా అంతే.

మనిషి పడితే మొదటి కేక వేసినవాళ్లు వేలు చూపిస్తూ అటే చూస్తుండాలి, తల తిప్పకూడదు. రెండోవాళ్లు వెంటనే లైఫ్ బోయా విసరాలి, లైటున్న బోయా ఉంటే అదే. సరంగు జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టి, వేగం తగ్గించి తిరగాలి. దగ్గరకొచ్చాక ఇంజను న్యూట్రల్. తాళ్లు, నిచ్చెన దించి పక్క నుంచి ఎక్కించాలి, ఫ్యానున్న వెనక వైపు నుంచి కాదు. అందరూ ఒకే పక్కకు ఒరిగితే బోటు తిరగబడుతుంది. కాపాడటానికి ఇంకొకరు దూకితే వెతకాల్సినవాళ్లు ఇద్దరవుతారు. పడినవాళ్లు ఈదకుండా మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని తేలుతూ ఈల వేయాలి. మన సముద్రం వెచ్చగానే ఉన్నా గంటల తరబడి ఉంటే ఒళ్లు చల్లబడుతుంది.

సాయానికి కోస్ట్ గార్డ్ 1554, తీర పోలీసులు 1093, ఏదీ తోచకపోతే 112. వైర్‌లెస్ సెట్ ఉంటే 16వ చానల్. ముందు చెప్పాల్సింది ఎక్కడున్నారన్నది, ఎందుకంటే మాట మధ్యలోనే సిగ్నల్ పోవచ్చు. "డాల్ఫిన్స్ నోస్ లైట్‌కు తూర్పున రెండు మైళ్లు" అన్నా చాలు, ఫోన్లో అక్షాంశ రేఖాంశాలుంటే ఇంకా మంచిది. తర్వాత ఎందరున్నారు, ఏమైంది, జాకెట్లున్నాయా. ఫోను గాలి చొరని పౌచ్‌లో పెట్టి మెడకు వేసుకోండి. ఆపదలో కాల్చే వెలుగు సంకేతాల్లో ఎర్ర పారాచూట్ ఫ్లేర్ మూడు వందల మీటర్లు లేచి నలభై సెకన్లు, చేతి ఫ్లేర్ నిమిషం పాటు వెలుగుతాయి. ఓడ దీపమో ఒడ్డున కదలికో కనబడినప్పుడే కాల్చండి. చేతి ఫ్లేర్‌ను గాలి వాలు వైపు, నీళ్ల మీదికి చాచి పట్టుకోవాలి. నారింజ పొగ వదిలే సంకేతం పగటికే, రాత్రి ఎవరికీ కనబడదు.

నిప్పు సంగతి ఒక్క మాట. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో రాత్రి లేచిన మంటకు పక్కపక్కనే కట్టిన పదుల బోట్లు కాలిపోయాయి. డీజిలు, గ్యాస్ సిలిండర్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటే మంట ఆగదు. కట్టేసిన బోటు మీద రాత్రి విందులు పెడతామంటే కాదనండి. పెట్రోలు పోసుకున్న బోటైతే ఇంజను పెట్టె మూత తీసి వాసన పోయేదాకా ఆగాకే స్టార్ట్ చేయించండి.

బస ఎక్కడ తీసుకోవాలన్నదీ ఇందులో భాగమే. ఫిషింగ్ హార్బర్ షికారుకు ఆర్కే బీచ్, మహారాణిపేట వైపు గది తీసుకుంటే కింగ్ జార్జి ఆసుపత్రి దగ్గర. రుషికొండలో ఉంటే గీతం ఆసుపత్రి పక్కనే. భీమిలిలో గది ప్రశాంతంగా ఉంటుంది గానీ, నీళ్లు మింగిన మనిషితో రాత్రి బీచ్ రోడ్డు మీద ప్రయాణం ఎక్కువ. గది తీసుకున్నచోట రిసెప్షన్‌లో బోటు పేరు, ఎందరు వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు రాసిచ్చి, ఆ వేళకు అరగంట దాటితే 1554కు చేయమని చెప్పండి. సరంగుకు పని చేతకాకపోయినా ఈ కాగితం పని చేస్తుంది.

నీళ్లలోంచి తీసినవాళ్ల పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మనవాళ్లలో ఇంకా ఉంది. అది చేయకండి, కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఊపిరి లేకపోతే ముందు ఐదు శ్వాసలు ఊది, తర్వాత ఛాతీ మధ్యలో ముప్పై నొక్కులకు రెండు శ్వాసల చొప్పున, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, ఐదారు సెంటీమీటర్ల లోతుగా, 108 అంబులెన్సు వచ్చేదాకా నొక్కాలి. తేరుకుని లేచి కూర్చున్నా సరే దగ్గు, ఆయాసం ఉంటే ఆ రాత్రి గదికి కాదు, ఆసుపత్రికే తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన లక్షణాలు కొన్ని గంటల తర్వాత ముదరొచ్చు.